ఇంటి నిలువకు రాగులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులకు టొమాటో ధర పలికిన యేఁట చేతినిండ రొక్కముండును. ధర పడిన యేఁట కోఁతకూలియు గిట్టదు. అట్టి సమయమున ఇంట గింజలు లేనివాఁడు అప్పుచేసి అంగడి బియ్యము కొనవలసివచ్చును. కావున రాగులు పండించు రైతు సోదరులు ముందు ఇంటికి తీసిపెట్టి, మిగిలినవే అమ్ముట మేలని మా మనవి.

నిలువకు రాగులే యేల? పిండిపదార్థము బియ్యమునను రాగులయందును నూటికి డెబ్బది పాళ్లకు అటునిటుగా నుండును. భేదమంతయు నిలుచుటలో నున్నది. బియ్యమునకు ముక్కుపురుగు త్వరగా పట్టును. రాగిగింజ మిక్కిలి చిన్నది యగుటచే పురుగు అందులోఁ బెరుగుట కష్టము. బాగుగ ఎండినచో ఏండ్ల తరబడి చెడదు. పూర్వులు పాతరలలో దాఁచినది ఇందులకే. 1876-78 నాఁటి ఘోరమైన కరవు ఈ సీమను పీడించినదని మఱవరాదు. కొఱ్ఱలు, సామలు పొట్టుతో నున్నంతకాలము నిలుచును. దంచిన పిమ్మట తవుటిలోని నూనె చేఁదెక్కును.

ఐదుగురున్న యింటికి దినమునకు రెండు కిలోల ధాన్యమని యెంచినచో మూఁడు మాసములకు 180 కిలోలగును. అందు సగమైనను రాగులుండవలెను. గింజలలో తేమ నూటికి 12 పాళ్లు మించకుండునట్లు ఎండఁబెట్టి, వేఁడి చల్లాఱిన పిదప బస్తాలకెత్తి, నేలకును గోడకును తగులకుండ బల్లలపై నుంచవలెను. పిండి వారమునకు సరిపడునంతయే విసరించుకొనుఁడు. ఇంకను పాతర వాడువారు మూఁత తీసిన వెంటనే దిగరాదు. బొగ్గుపులుసు వాయువు అడుగున నిలిచి క్షణములలోఁ బ్రాణము తీయఁగలదు. చాలసేపు గాలి యాడనిచ్చి, పైని మనుష్యులుండఁగనే, నడుమునకు మోకు కట్టుకొని దిగవలయును.

చుట్టము వచ్చిన దినమున సంగటి దాఁచి వరియన్నము వడ్డించు అలవాటు మనలోఁ గలదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగాఁ జాటిన తరువాతనైనను ఈ సిగ్గు పోవలదా? నూఱు గ్రాముల రాగులలో సున్నపు ధాతువు 300 మిల్లీగ్రాములు దాఁటును. తెల్లబియ్యములో పదికి అటునిటే. అయినను సంగటి యొక్కటియే చాలదు. అనపగింజల పులుసో, ఉలవచారో, వేరుసెనగ ఊరిబిండియో తోడుండవలెను. బిడ్డలకు రాగులు మొలకెత్తించి, ఎండఁబెట్టి, పిండిచేసి జావ కాఁచినచో చిక్కఁబడదు. కావున అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టును. మధుమేహము గలవారు మాత్రము రాగులును పిండిపదార్థమేయని యెఱిఁగి, ముద్ద చిన్నది చేసికొని, కూర యెక్కువగాఁ దినవలెను.