మూడో బోరుకి నీళ్లు పడే గేమ్

ఆదివారం రాత్రి 11 దాటాక వాట్సాప్‌లో ఒక ఫైల్ వచ్చింది. దాని వెనకే మెసేజ్: 'అన్నా, 48 గంటల్లో గేమ్ చేసినా. ఆడి మార్కులెయ్. మొగమాటం వద్దు.'

పంపింది మా బాబాయి కొడుకు. అనంతపురంలో ఇంజినీరింగ్ మూడో ఏడాది. శుక్రవారం రాత్రి మొదలుపెట్టి, నిద్ర మానుకుని, ఒక్కడే కూర్చుని ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ పూర్తి చేశాడు. ఆడితే 12 నిమిషాల్లో అయిపోతుంది.

మార్కులు ఎలా వేయాలి? వందల మంది ఏళ్ల తరబడి చేసే గేమ్‌ల పక్కన పెడితే వాడికొచ్చేది సున్నానే. తమ్ముడు కదా అని పదికి పది ఇచ్చేస్తే వాడికి ఒరిగేదేమీ లేదు. అందుకే ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నవాళ్ల పద్ధతి పట్టుకున్నా.

జడ్జీలు లేని పోటీ

గడువు పెట్టుకుని గేమ్‌లు తయారుచేసే పోటీల్ని గేమ్ జామ్ అంటారు. వాటిలో పాతది లూడమ్ డేర్. 2002లో మొదలైంది. అందులో 'కాంపో' విభాగానికి ఒక్కరే కూర్చోవాలి, 48 గంటల్లో కోడ్, బొమ్మలు, సౌండ్ అన్నీ సొంతంగా చేయాలి. 'జామ్' విభాగంలో టీమ్‌గా చేయొచ్చు, 72 గంటలిస్తారు. జడ్జీలంటూ ఎవరూ ఉండరు. పోటీలో ఉన్నవాళ్లే ఒకరి గేమ్ ఒకరు ఆడి, 5 స్టార్ల లెక్కన రేటింగ్ ఇస్తారు. ఫన్, కొత్తదనం, థీమ్, గ్రాఫిక్స్, ఆడియో, హాస్యం, మూడ్... ఇలా విడివిడిగా, ఆపైన మొత్తానికి కలిపి ఒకటి.

రెండ్రోజుల్లో ఆర్‌పీజీ ఏం వస్తుందిలే అనుకోకండి. 2012 ఆగస్టులో 24వ లూడమ్ డేర్‌కి ఇచ్చిన థీమ్ 'ఎవల్యూషన్', అంటే పరిణామం. ఫ్రాన్స్ ప్రోగ్రామర్ నికొలా కనాస్ దానికి 'ఎవోలాండ్' అనే చిన్న ఆర్‌పీజీ చేశాడు. మొదట్లో హీరో కుడివైపుకి మాత్రమే నడవగలడు. ఒక పెట్టె తెరిస్తే ఎడమవైపుకి నడవడం వస్తుంది. ఇంకో పెట్టె తెరిస్తే మరో సదుపాయం. అలా ఆర్‌పీజీల చరిత్ర అంతా మన చేతుల్లో కదులుతుంది. మొత్తం మీద ఫస్ట్ వచ్చింది ఆ గేమే. 2013లో దాన్నే పెంచి పెద్ద గేమ్‌గా విడుదల చేశారు.

చిన్న గేమ్‌ని చూడాల్సింది అలాగే. ఎంత పెద్దగా ఉందని కాదు. ఒక్క ఐడియా ఉందా? దాన్ని చివరిదాకా లాగారా?

ఎర్రమట్టి, బోరు బండి

మావాడి గేమ్‌లో రాక్షసులు లేరు. హీరో రెండెకరాల శెనక్కాయ రైతు. శత్రువు బండరాయి. మీరొక దెబ్బ వేస్తే కొన్ని అడుగులు దిగుతారు, రాయి తిరిగి దెబ్బ వేస్తే కొన్ని నాణేలు పోతాయి. పైన లెవెల్ బదులు లోతు కనిపిస్తుంది: 200 అడుగులు, 400, 600. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింట్ చూపించే పెద్దాయన క్లూలు ఇస్తాడు. ఆయన మాట ఒకసారి నిజం, ఒకసారి కాదు. కొత్తదనానికి 4.5 వేశా.

గ్రాఫిక్స్‌కి మార్కుల్లేవు. బొమ్మలు కెన్నీ సైట్‌లో ఉచితంగా దొరికేవి. జామ్‌లో కూడా బొమ్మలు సొంతం కాకపోతే ఆ విభాగంలో రేటింగ్ వదులుకోమంటారు. కాకపోతే పచ్చగడ్డిని ఎర్రమట్టిగా మార్చాడు, అది నచ్చింది. ఆడియో 4: ఊళ్లో బోరు బండి శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టాడు. అది వినగానే పళ్లు జివ్వుమన్నాయి.

ఇక తప్పులు. గుడి గోడలో హీరో రెండుసార్లు ఇరుక్కుపోయాడు. సేవ్ లేదు, మళ్లీ మొదట్నుంచి. తెలుగు ఒత్తులు విడిపోయి 'అమ్మ' కాస్తా రెండు ముక్కలైంది. పాత లాప్‌టాప్ కదా అని గొడాట్ ఇంజిన్ పాత వెర్షన్ 3 వాడాడు. తెలుగులాంటి లిపుల్ని సరిగా కలిపి చూపించే ఏర్పాటు 2023లో వచ్చిన వెర్షన్ 4లో గానీ రాలేదు. ఫన్ 3.

మూడ్ దగ్గరే ఆగిపోయా.

మూడుసార్లు ఆడాను. ఎక్కడ పాయింట్ పెట్టినా మొదటి రెండు బోర్లు ఫెయిల్, మూడో దాంట్లో నీళ్లు. పెద్దాయన క్లూ తప్పైనా సరే పడతాయి. పడగానే చేను పచ్చబడుతుంది, గేమ్ అయిపోతుంది. ఇది మోసం అనిపించి 2 వేశా.

మా జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య వానలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడతాయి. అందుకే అందరి కళ్లూ భూమి కిందికే. మూడో బోరుకి నీళ్లని రాసిపెట్టిన భూమి కాదిది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బాబాయి మూడో బోరు వేయించాడు. పిన్ని గాజులు అమ్మిన డబ్బు. 700 అడుగుల దాకా తెల్లదుమ్మే లేచింది.

ఫోన్ చేశా. "ఎందుకట్ల పెట్టినావ్ రా?"

కాసేపు మాట్లాడలేదు. "మనింట్లో పడల్యా కదన్నా. గేమ్‌లోనైనా పడనీలే అనుకున్నా."

అప్పుడేమనాలో తోచలేదు. మొగమాటం వద్దన్నది వాడే కదా అని చెప్పేశా. "పడనీ రా. కానీ ఎన్నోసారి పడుతుందో ఆడేవాడికి తెలియకూడదు. ఇంకోటి. నీ గేమ్‌లో ఆపే దారి లేదు. నేను రెండో బోరు దగ్గర ఆపాలనుకున్నా, బటనే లేదు."

"ఆపేస్తే గేమ్ ఏముంటాది అన్నా?"

"మిగిలిన డబ్బుతో కొర్ర వేసుకుంటాడు. చిన్న పంట, చిన్న ముగింపు. అదీ ఒక ముగింపే కదా."

వాడు సరేననలేదు, కాదనీ అనలేదు. "నాయనకి ఎవురూ చెప్పల్యా, ఆపమని" అన్నాడు. అంతే, పెట్టేశాడు.

మీ ఫ్రెండ్ ఎవరైనా ఇలాంటి గేమ్ పంపితే 'సూపర్ బ్రో' అని వదిలేయకండి. చివరిదాకా ఆడండి. ఎక్కడ ఇరుక్కున్నారో, ఎక్కడ విసుగొచ్చిందో, ఏది చేయాలనుకున్నా చేయలేకపోయారో రాయండి. 48 గంటలు మేల్కొన్నవాడికి అరగంట ఇవ్వడం పెద్ద పనేం కాదు.

బుధవారం కొత్త ఫైల్ వచ్చింది. రెండో బోరు ఫెయిలవగానే స్క్రీన్ మీద ప్రశ్న: 'మళ్లీ వేద్దామా?' కింద రెండు బటన్లు. నేను 'వద్దు' నొక్కా. హీరో ఇంటికి నడిచాడు. గుమ్మంలో భార్య కూర్చునుంది, చేతులకి గాజులున్నాయి. 9 నిమిషాల్లో గేమ్ అయిపోయింది.

మూడ్‌కి 2 కొట్టేసి 4.5 వేశా. మొత్తానికి 4. ఒత్తులు మాత్రం ఇంకా విడిపోయే ఉన్నాయి.