మూడు వరుసల బండి: నడుపువాని ముచ్చటయు, వెనుకవారి సుఖమును

అవ్వయు తాతయు, తలిదండ్రులును, ముగ్గురు పిల్లలును గల యేడుగురి కుటుంబములు మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందు నేటికిని అరుదు కాలేదు. వీరందరును కలిసి పెండ్లికో, కర్నూలు ఆసుపత్రికో బయలుదేరవలసినప్పుడు ఐదుగురు కూర్చుండు కారు చాలదు. అందుచే మూడు వరుసల సీట్లుగల బండిని కొనదలచిన తలిదండ్రులు మా యుపాధ్యాయుల గదికి వచ్చి దానిని గూర్చి యడుగుచుండుట కలదు. ఇంటి పెద్దలు చోటును గూర్చి యడుగుదురు. బండి నడుపబోవు కుమారుడు మాత్రము “నడుపుటకు ముచ్చటగా నుండునా, అయ్యగారూ?” అని యడుగును. ఈ రెండు కోరికలును ఒకదానికొకటి విరుద్ధములని లోకులు తలచుచున్నారు. మేమట్లు తలపము. నడుపువానికి నిజమైన సంతోషము నిచ్చు గుణములే వెనుక కూర్చున్న అవ్వకు కడుపులో త్రిప్పకుండ కాపాడునని మా యభిప్రాయము. అది యెట్లో వివరించెదము.

మొదట క్రాసోవరు అను మాటను తెలిసికొందము. ఎద్దులబండిని చూడుడు. క్రింద ఇరుసును, దానిపై పొడవైన రెండు దూలములును ఉండును. బరువంతయు వానిమీదనే పడును. పైన కట్టిన గూడు ఎండవానలకు మాత్రమే. పూర్వపు జీపులు ఈ పద్ధతినే చేయబడినవి. నిచ్చెనవంటి యుక్కు చట్రమునకు ఇంజనును ఇరుసులను బిగించి, పిమ్మట దానిపై బాడీని వేరుగా కూర్చెడివారు. కారు అట్టిది కాదు. అది వెదురుగంప వంటిది. గంపలో బరువు మోయు బద్ద యేది, మోయని బద్ద యేది? అల్లిక యంతయు కలిసి మోయును. అట్లే కారునందు నేలయు, ప్రక్కలును, కప్పును ఒకే పెట్టెగా అతుకబడి బరువును పంచుకొనును. ఈ పెట్టెను కొంచెము ఎత్తుచేసి, జీపు రూపము నిచ్చినచో అదియే క్రాసోవరు.

ఒకే పేరు గల రెండు బండ్లను పోల్చినచో ఈ భేదము తేటపడును. 1998లో వెలువడిన టాటా సఫారి నిచ్చెన చట్రముపై నిలిచిన బండి. 2021లో అదే పేరుతో వచ్చినది పెట్టె పద్ధతిది. 2005లో మన దేశమునకు వచ్చిన టయోటా ఇన్నోవాయు, 2016 నాటి ఇన్నోవా క్రిస్టాయు నిచ్చెన చట్రము గలవి, వెనుక చక్రములతో నడచునవి. 2022లో చూపబడిన ఇన్నోవా హైక్రాస్ చట్రమును విడిచి, ముందు చక్రములతో నడచు బండియైనది. అంతకుముందు 1994లో వచ్చిన టాటా సుమోను మన రాయలసీమవారు మరువలేరు. సినిమాలవారు దానిని గాలిలోనికి ఎగురవేసి మన సీమకు లేనిపోని కీర్తిని తెచ్చిరి గాని, వాస్తవముగా అది పెండ్లివారిని మోసిన బండి. వెనుకభాగమున ఎదురెదురుగా ప్రక్కవాటు సీట్లు గల సుమోలలో ప్రయాణించినవారికి, ప్రతి మలుపునందు ఎదుటివాని మోకాలు తగిలిన జ్ఞాపకము నేటికిని ఉండును.

నిచ్చెన చట్రము పనికిరానిదని మా భావము కాదు. వానకాలమున నల్లరేగడి చేలగట్ల వెంట పోవువానికి, ట్రాలీ లాగవలసినవానికి, మహీంద్రా బొలెరో, స్కార్పియో వంటి బండ్లే తగును. అయితే చట్రముపై బాడీని కూర్చుటచే నేల యెత్తు హెచ్చును. దానితో బండి గురుత్వకేంద్రమును పైకి పోవును. మా విద్యార్థులు భౌతికశాస్త్ర పాఠమును స్మరింతురు గాక: గురుత్వకేంద్రము ఎంత యెత్తున నుండునో, మలుపునందు వస్తువు అంతగా ప్రక్కకు ఒరగును. క్రాసోవరునందు అది కొంత దిగువనుండుటచే ఒరుగుట తగ్గును. స్టీరింగును త్రిప్పినంతనే బండి మాట వినును. ముసలివారు ఎక్కుటకు మెట్టును తగ్గును. నడుపువాని ముచ్చటయు, అవ్వ మోకాళ్ల సుఖమును ఇక్కడ ఒకే కారణమునుండి పుట్టుచున్నవి.

ఇక మూడవ వరుస సంగతి. ఆర్.టి.సి. బస్సులో కడపటి సీటున కూర్చున్న పిల్లలు గుంత వచ్చినప్పుడెల్ల పైకి ఎగిరిపడుట అందరును ఎరిగినదే. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ కూర్చున్నవాడు ఊయల నడుమ కూర్చున్నట్లుండును. వెనుక ఇరుసునకు పైన గాని, దాని వెనుక గాని కూర్చున్నవాడు ఊయల కొననున్నట్లుండును. మలుపునందును బండి తోక ప్రక్కకు ఊగుట వానికే ముందు తెలియును. ఇరుసుల నడిమి దూరము పెరిగినకొలది ఈ బాధ తగ్గును. మారుతి ఎర్టిగాకు ఈ దూరము 2740 మిల్లీమీటర్లు, కియా క్యారెన్స్‌కు 2780, హైక్రాస్‌కు 2850. అంకెలలో భేదము జానెడైనను లేదు గాని, మూడవ వరుసలో రెండు గంటలు కూర్చున్నవారికి దాని విలువ తెలియును.

మన రోడ్లు ఈ పరీక్షకు మిక్కిలి యనుకూలములు. నంద్యాలనుండి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ పోవు 40వ నంబరు జాతీయ రహదారి సమతలము. అక్కడ ఏ బండియైనను మంచిదిగనే తోచును. ఆ దారి దిగి పల్లెలకు పోవు రోడ్లమీద బండి నిజస్వరూపము బయటపడును. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి కుంగును గనుక, పైన వేసిన తారు అలలు అలలుగా లేచును. ఆ యలలపై మెత్తని స్ప్రింగులు గల బండి వెనుకభాగము ఒక అలకు లేచి, దిగకమునుపే రెండవ యలకు మరల లేచును. దుకాణము ముందర మెత్తగా తోచిన బండి ఇక్కడ ఉయ్యాలయగును. షాక్ అబ్జార్బర్లు స్ప్రింగును ఒక్కమారు కదలనిచ్చి, వెంటనే అణచవలెను. అట్టి బండి మొదట కొంచెము బిరుసుగా తోచినను, దూరప్రయాణమున అదియే సుఖము.

ఒకమారు మేము ఏడుగురము ఉపాధ్యాయులము నంది కనుమ మీదుగా గిద్దలూరు పోవుటకు ఒక బండిని బాడుగకు తీసికొంటిమి. నల్లమల మలుపులలో డ్రైవరు మిక్కిలి యుత్సాహముతో నడిపెను. కనుమ దాటులోగా మూడవ వరుసలోని యిద్దరు మిత్రులకును వాంతులైనవి. ముందు కూర్చున్న మాకు ఏమియు తెలియలేదు. తిరుగు ప్రయాణమున మేమే వెనుక కూర్చుంటిమి. డ్రైవరు ఆలస్యముగా బ్రేకు త్రొక్కి, మలుపు నడుమ స్టీరింగును కుదుపుచుండుట అప్పుడు మా కడుపులకు తెలిసెను. వేగము తగ్గింపుమని మేము చెప్పలేదు. మలుపునకు ముందే వేగము తగ్గించి, స్టీరింగును ఒక్కటే త్రిప్పుగా త్రిప్పి, మలుపు విడిచిన పిమ్మట వేగము పెంపుమని చెప్పితిమి. అతడు తెలివిగలవాడు, నాలుగు మలుపులలో నేర్చుకొనెను. కాలమేమియు హెచ్చు పట్టలేదు, ఎవరికిని వాంతి కాలేదు. పైగా ఇట్లు నడుపుటయే బాగున్నదని అతడే యనెను. బ్రేకు ఎంత త్రొక్కిన అంతయే పట్టవలెను. స్టీరింగు ఎంత త్రిప్పిన అంతయే తిరుగవలెను. ఈ రెండును గల బండిని మెత్తగా నడుపుట సులభము. ముచ్చటయనగా ఇదియే గాని, కుర్రవారు తలచునట్లు వీపు సీటునకు అంటుకొనిపోవు వేగము కాదు.

అట్లని ఇంజను బలము అక్కరలేదనుట కాదు. 1200 కిలోల బండిలో నడుపువాడొక్కడే యున్నప్పటి సంగతి వేరు. మనిషికి 60 కిలోల చొప్పున మరియార్గురు ఎక్కినచో 360 కిలోలు చేరును. అనగా బండి బరువులో మూడు పదవవంతులు. పైన పెండ్లి సామాను ఉండనే యుండును. అప్పుడు నంది కనుమ ఎక్కుచు లారీని దాటవలెనన్న, చిన్న పెట్రోలు ఇంజను అరచుచుండును గాని కదలదు. తక్కువ తిరుగుడునందే లాగు శక్తి గలది కావలెను. డీసెలు ఇంజనులకును, టర్బో గల పెట్రోలు ఇంజనులకును ఈ గుణము కలదు. హైబ్రిడ్ బండ్లలో విద్యుత్తు మోటారు మొదటి కదలికనుండియే చేయి కలుపును. దిగునప్పుడు వేరొక లెక్క. గమనశక్తి వేగముయొక్క వర్గమును బట్టి యుండును గనుక, గంటకు 60 కిలోమీటర్లనుండి 90కి పోయినచో బ్రేకులు అణచవలసిన శక్తి రెండుంబాతిక రెట్లగును. నిండుబండితో కనుమ దిగువారు చిన్న గేరులో దిగవలెను; బ్రేకును అదేపనిగా త్రొక్కిపట్టినచో అది వేడెక్కి పట్టు సడలును.

బండ్లను పేరుపేరునను చెప్పుమని యడుగువారికి మా తలంపు చెప్పెదము. 2012లో మొదట వచ్చి, 2018లో మారిన ఎర్టిగా తేలికయైనది. గాంధీ చౌక్ సందులలో చులకనగా తిరుగును, ఖర్చు తక్కువ. నిండినప్పుడు కనుమలో ఆయాసపడును. క్యారెన్స్ 2022లో వచ్చినది. మన రాయలసీమలోనే, పెనుకొండ యొద్ద కియావారి కర్మాగారమున తయారగుటచే మాకు కొంత అభిమానము కలదని దాచము. దానిలో రెండవ వరుస సీటు ఒక్క మీట నొక్కిన ముందుకు ముడుచుకొనును గనుక మూడవ వరుసకు ఎక్కుట సులభము. మహీంద్రావారు 2021లో తెచ్చిన ఎక్స్‌యూవీ 700 ఇంజను బలమున వీనిని మించినది, నడుపువానికి పండుగయే. దాని మూడవ వరుస మాత్రము పిల్లలకే తగినది. మూడవ వరుసలో పెద్దవారు దినమంతయు కూర్చుండవలసినచో, హైక్రాస్‌ను మించినది ఈ గుంపులో మాకు కనబడలేదు. వెల వినిన పిమ్మట చాలమంది నిట్టూర్పు విడుతురు.

అపాయ సమయమున బండి ఎట్లు కాపాడునో కొనకమునుపే చూడవలెను. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎక్స్‌యూవీ 700కు 2021లో ఐదు నక్షత్రములును, క్యారెన్స్‌కు 2022లో మూడును వచ్చినవి. సఫారికి 2023లో ఐదు వచ్చినవి. ఆ యేటనే మన దేశపు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షయు మొదలైనది. అయితే ఈ నక్షత్రములు వేనిని కొలుచునో ఎరుగుట మేలు. పెద్దల బొమ్మలను ముందు సీట్లలోను, పిల్లల బొమ్మలను రెండవ వరుసలోను ఉంచి బండిని ఢీకొట్టింతురు. మూడవ వరుసలో బొమ్మ యుండదు. వెనుకనుండి లారీ గుద్దు పరీక్షయు లేదు. మూడవ వరుస తలల వెనుక అద్దమునకు ఎంత దూరమున్నదో మనమే చేయి పెట్టి చూడవలెను. ప్రక్క తెరగాలి సంచులు ఆ వరుసదాక వచ్చునా, అక్కడి ప్రతి సీటునకు భుజము మీదుగా వచ్చు బెల్టు కలదా, తలకు ఆనిక కలదా యని యడుగవలెను. సామాను చోటును గూర్చియు ఇంతే. మూడు వరుసలును నిలిపినప్పుడు ఎర్టిగాలో 209 లీటర్లు, క్యారెన్స్‌లో 216, హైక్రాస్‌లో 300 లీటర్ల చోటు మిగులును. 25 కిలోల బియ్యపు మూట ముప్పది లీటర్లకు పైగా ఆక్రమించునని లెక్క వేసికొనుడు. మిగిలిన సామానును సీట్ల నడుమ క్రుక్కుట అపాయము. గట్టి బ్రేకు పడినప్పుడు అది ముందున్న పిల్లల వీపులపై పడును.

అమ్మువారు పరీక్షకు బండి నిచ్చినప్పుడు ఒంటరిగా నడిపి, నునుపు రోడ్డుమీద రెండు కిలోమీటర్లు పోయి వచ్చుట వ్యర్థము. మే మెరిగిన యొక కుటుంబము ఒక దుకాణమునకు ఏడుగురును కలిసి పోగా, ఇద్దరికి మించి ఎక్కరాదని అక్కడివారు అభ్యంతరము చెప్పిరి. ఇంటి పెద్ద నవ్వి, “ఇద్దరికే యైనచో మాకు మోటారు సైకిలు చాలును, నాయనా” యనెను. పిమ్మట అందరును ఎక్కిరి. వారు కుమారుని చేత నడిపించి, తండ్రిని మూడవ వరుసలో కూర్చుండబెట్టి, పల్లె రోడ్డు మీదుగా అరగంట త్రిప్పించిరి. తిరిగి వచ్చి తండ్రి కుమారులు స్థానములు మార్చుకొని మరల పోయిరి. కుమారునకు మిక్కిలి నచ్చిన బండిని ఆ రెండవ చుట్టు తరువాత అతడే వలదనెను. మూడవ వరుసలో అతని మోకాళ్లు గడ్డమునకు తగిలినవట.

ఆరు సీట్లదా, ఏడు సీట్లదా యను ప్రశ్నయు అట్లు ఎక్కి దిగినప్పుడే తీరును. రెండవ వరుసలో వేరు వేరు కుర్చీలు గల ఆరు సీట్ల బండిలో నడుమ త్రోవ యుండుటచే, ముసలివారు వంగి మెలికలు తిరుగక వెనుకకు పోవచ్చును. ఏడుగురున్న యింటికి అది చాలదు. అప్పుడు ముసలివారిని రెండవ వరుసలోను, పిల్లలను వెనుకను కూర్చుండబెట్టి, పిల్లల కాళ్లు పెరుగు సంగతిని మరువకుండవలెను. పదేండ్ల బాలునికి సరిపోయిన చోటు మూడేండ్లలో చాలకపోవును, బండి మాత్రము పదేండ్లుండును.

బండి వచ్చిన పిమ్మట డ్రైవరు తలుపు తెరచినప్పుడు కనబడు చీటీని చదువుడు. ఖాళీ బండికి టైరులలో ఎంత గాలి, నిండు బండికి ఎంత గాలి యుండవలెనో దానిపై అచ్చువేసి యుండును. చాల బండ్లకు నిండుబరువునాడు వెనుక టైరులకు హెచ్చు గాలి కావలెను. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో గాలి పట్టువాడు అడుగకయే అన్నిటికిని సమానముగా కొట్టును; పెండ్లి ప్రయాణమునాడు ఆ అంకెను మీరే చూచి చెప్పవలెను.