ఎర్రగడ్డకు వెళ్లకుండానే ఎర్రగడ్డ సాయం

నేలకొండపల్లిలో ఖమ్మం బస్సెక్కితే మానసిక వైద్యుడి దగ్గరికి చేరడం కష్టమేమీ కాదు. కష్టమంతా ఆ గది ముందు కూర్చోవడంలోనే ఉంది. ఊరివాళ్లెవరైనా చూస్తే? పిల్లకు సంబంధం కుదురుతుందా? కోడలిని పుట్టింటికి పంపేస్తారా? ఈ భయాలతోనే నిద్రలేని రాత్రులను, ఆగని గుబులును నెలల తరబడి లోపలే దాచుకుంటారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి చూస్తే, వైద్యం అందనివాళ్లు 70 నుంచి 92 శాతం.

ఇక ఎర్రగడ్డ మాటెత్తితే చెప్పక్కర్లేదు. తెలంగాణలో ఆ పేరును తిట్టుగా వాడనివాళ్లు తక్కువ. హైదరాబాద్‌లోని ఆ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమే ఇప్పుడు రాష్ట్రానికి ఫోన్‌లో ధైర్యం చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన ప్రారంభించిన టెలిమానస్ హెల్ప్‌లైన్‌కు తెలంగాణలో కేంద్రం అదే. 14416కు ఏ వేళలో చేసినా పైసా ఖర్చు లేదు. తెలుగులోనే మాట్లాడొచ్చు. దేశమంతటా ఈ సేవకు పెద్దదిక్కు బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్. 2024 అక్టోబరులో మొబైల్ యాప్ కూడా వచ్చింది. ఇంటర్ పరీక్షల వేళ విద్యార్థులకు బోర్డు ఇస్తున్న నంబరూ ఇదే.

ఫోనెత్తిన కౌన్సెలర్ వెంటనే సలహాలు చెప్పరు. ముందు వింటారు. నిద్ర ఎలా ఉంది, అన్నం సయిస్తోందా, ఈ దిగులు ఎప్పటినుంచి, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడుగుతారు. చావు ప్రస్తావన తెస్తే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు కానీ, అలా అడగడమే మనిషికి ఊపిరి ఇస్తుంది. సమస్య పెద్దదైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి పంపుతారు.

బాధ బయటపెట్టుకోవడం బలహీనత అనేవాళ్లు ఈ ఊరి మనిషినే తలుచుకోవాలి. కంచర్ల గోపన్న పుట్టింది నేలకొండపల్లిలోనే. భద్రాచలం గుడి కట్టించి, గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకునే ఆ రామదాసు తన కీర్తనల్లో రాముణ్ని నిలదీశాడు, చేయించిన నగలకు లెక్క చెప్పాడు, అంతలోనే మన్నించమని వేడుకున్నాడు. కోపం, ఏడుపు, పశ్చాత్తాపం దేన్నీ దాచుకోలేదు. ఆ పాటలను ఇన్ని తరాలుగా భజనల్లో పాడుకుంటున్నవాళ్లం, ఇంట్లో ఆడపిల్ల ఏడిస్తే మాత్రం ఊరుకోమంటాం.

ఫోను మారుమూల పల్లెల్లో పనికొస్తుందా అన్న అనుమానానికి జవాబు పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో దొరికింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అక్కడ స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చారు. వాళ్లు గడపగడపకూ వెళ్లి ప్రశ్నలడిగి, దిగులుతో ఉన్నవాళ్లను గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెప్పారు. డాక్టరుకు వెళ్లాలని గుర్తుచేస్తూ రికార్డు చేసిన కాల్స్ కూడా వెళ్లాయి. 5,007 మందిని పరీక్షిస్తే 238 మందికి సాయం అవసరమని తేలింది. అంతకుముందు వాళ్లలో వైద్యం పొందినవాళ్లు 0.8 శాతమే. తర్వాత అది 12.6 శాతానికి చేరింది. యంత్రం కంటే, దాన్ని పట్టుకుని వచ్చిన తెలిసిన మనిషే ఇక్కడ గట్టి కారణమనిపిస్తుంది.

మరి 14416కు చేసే ఆ ఫోను ఎక్కడ కూర్చుని మాట్లాడాలి? రెండు గదుల ఇంట్లో అత్తగారు వింటుండగా కోడలు ఏం చెప్పుకుంటుంది? ఇంటికంతా ఒకటే ఫోను, అదీ భర్త జేబులో ఉంటే? ఆన్‌లైన్ కౌన్సెలింగ్ గురించి గొప్పగా రాసేవాళ్లు ఈ గోడల సంగతి మరిచిపోతుంటారు.

డబ్బు తీసుకుని వీడియోలో కౌన్సెలింగ్ చేసేవాళ్లూ పెరిగారు. వాళ్లలో ఏ అర్హతా లేనివాళ్లున్నారు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పేవారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. మందు రాసే డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలని 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంకో సంగతి. మిర్చి ధర పడిపోయి, కౌలు కట్టలేక కుమిలిపోయే రైతుకు ఓదార్పు మాట ఒక్కటే చాలదు. వికారాబాద్‌లో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ ఈ విషయం ముందే గ్రహించింది. బాధ విన్నాక, ఆగిన పాస్‌బుక్ గురించో బ్యాంకు అప్పు గురించో అధికారులతో మాట్లాడే బాధ్యతా తీసుకుంది. అందుకే నేలకొండపల్లి చుట్టుపక్కల, పాలేరు పొలాల మధ్య ఉన్న ప్రతి రైతు వేదికలోనూ తలుపు వేసుకునే ఒక గది, అందులో ఒక ఫోను, గోడ మీద 14416 ఉండాలి. వారంలో ఒకరోజు ఆశా కార్యకర్త అక్కడ కూర్చునేలా చేయడం జిల్లా యంత్రాంగానికి పెద్ద పనేం కాదు.