కొసరుగా వచ్చిన కుర్రోడు

2025 నవంబర్‌లో షమీని సన్‌రైజర్స్ పది కోట్లకు లక్నోకి ఇచ్చేసిందని తెలిసిన సాయంత్రం, వైరా రిజర్వాయర్ కట్ట మీద మా బ్యాచ్‌లో పెద్ద పంచాయితీ. "ట్రేడ్ చేయడం అంటే మనోళ్లదేరా. ధావన్‌ని ఇచ్చి అభిషేక్ శర్మని లాగలేదా?" అన్నాడు మా బావ. అందరూ తలూపారు. నేను ఊపలేదు.

ఆ ట్రేడ్ 2018 నవంబర్‌లో జరిగింది. ధావన్ 2016లో కప్పు కొట్టిన టీమ్‌కి ఓపెనర్. అతణ్ణి సొంతూరు ఢిల్లీకి పంపి, బదులుగా ముగ్గుర్ని తెచ్చుకున్నాం. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్ ఒక్కొక్కరు 3.2 కోట్లు, అభిషేక్ 55 లక్షలు. ధావన్ ధర 5.2 కోట్లు. ఐపీఎల్ ట్రేడ్‌లో ఆటగాడికి ఆటగాణ్ణే కాదు, డబ్బూ ఇవ్వొచ్చు. అందుకే తేడా 1.75 కోట్లు మనమే ఎదురు కట్టాం.

ఆ రోజుల్లో అందరి చూపూ విజయ్ శంకర్ మీదే. అభిషేక్ కొసరు. కిలో టమాటాలు కొంటే బండాయన సంచిలో పడేసే కరివేపాకు రెబ్బ లాంటోడు. ఢిల్లీ తరఫున 17 ఏళ్లకే ఆడిన మొదటి మ్యాచ్‌లో, బెంగళూరు మీద 19 బంతుల్లో 46 నాటౌట్ కొట్టాడన్న సంగతి ఎంతమందికి గుర్తుంది?

ఇప్పుడు లెక్క చూద్దాం. ధావన్ ఢిల్లీకి 2019లో 521, 2020లో 618, 2021లో 587 పరుగులు కొట్టాడు. మూడేళ్లకు 1726. అభిషేక్ మనకు ఆ మూడేళ్లలో కలిపి రెండొందలు కూడా కొట్టలేదు. ఆడించిందీ తక్కువే, ఆడించినప్పుడూ చాలాసార్లు కింద ఎక్కడో దింపేవాళ్లు. 2020 క్వాలిఫయర్-2లో ధావన్ మన మీదే 50 బంతుల్లో 78 కొట్టి, మనల్ని ఇంటికి పంపి, ఢిల్లీని ఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఆ రాత్రి మా బావ అన్నం తినలేదు. ఇప్పుడు మర్చిపోయినట్టున్నాడు!

కొసరు బాధ నాకు తెలుసు. ఇంటర్‌లో ఉన్నప్పుడు సంక్రాంతి టోర్నీకి, పక్క ఊరి ఫాస్ట్ బౌలర్ కోసం మా కెప్టెన్ మా ఆల్‌రౌండర్‌ని ఇచ్చి, వాడితో పాటు రెండో కీపర్‌నైన నన్నూ పంపేశాడు. మూడు మ్యాచ్‌లూ నీళ్ల సీసాలు మోశా. నేను బాగా ఆడనని ఎవరూ అనలేదు, అసలు నన్నెవరూ చూడలేదంతే.

అభిషేక్‌ని మాత్రం చూశారు. అసలు విషయం ఇక్కడే ఉంది. 2022 మెగా వేలానికి ముందు ఆ ముగ్గుర్నీ మనోళ్లు వదిలేశారు. ఢిల్లీ ధావన్‌ని వదిలేసింది. అంటే ట్రేడ్ ఖాతా అక్కడితో క్లోజ్. గెలిచింది ఢిల్లీయే, డౌటే లేదు. తర్వాత వేలంలో అభిషేక్‌ని ఎవరైనా కొనుక్కోవచ్చు. మూడు సీజన్లు నెట్స్‌లో రోజూ చూసినోళ్లే 6.5 కోట్లు పెట్టారు. 55 లక్షలోడికి దాదాపు పన్నెండు రెట్లు! ఓపెనర్‌గా పంపితే ఆ ఏడాది 426 కొట్టాడు. 2024లో 484, అందులో 42 సిక్సర్లు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141. ఐపీఎల్‌లో ఒక భారతీయుడు అంతకుముందెప్పుడూ అంత కొట్టలేదు. 246 టార్గెట్‌ని తొమ్మిది బంతులు మిగిలుండగానే ఊదేశాం.

నన్నడిగితే ఆ క్రెడిట్ ట్రేడ్‌ది కాదు, రెండోసారి కొన్నోళ్లది. ట్రేడ్ మనకు ఇచ్చింది మూడేళ్లు దగ్గర్నుంచి చూసే ఛాన్స్ ఒక్కటే. దానికి మనం కట్టిన ధర ధావన్ పరుగులు.

ఇదంతా విని మా బావ కాసేపు నీళ్లలోకి రాయి విసురుతూ కూర్చున్నాడు.

"మరి షమీ సంగతేంట్రా?"

"తొమ్మిది మ్యాచ్‌లకి ఆరు వికెట్లు తీసినోడికి పది కోట్లు తిరిగొచ్చాయి. కానీ ఈసారి కొసరు లేదు కదా బావా!"