మాంసకృత్తుల పద్దు

ముప్ఫై అయిదేళ్ళపాటు ఇతరుల లెక్కలు తనిఖీ చేసి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. తిన్న తిండికి కూడా పద్దు వ్రాయవలసి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. మొన్న వేసవిలో మా పెద్దవాడు వచ్చి, "నాన్నా, రోజూ ఏం తింటున్నారో ఇందులో వ్రాయండి" అని నా ఫోనులో ఒక యాప్ పెట్టి వెళ్ళాడు. అది మొట్టమొదట అడిగిన ప్రశ్న: రోజుకి ప్రోటీను ఎన్ని గ్రాములు కావాలని.

ప్రోటీనంటే మరేం కాదు, చిన్నప్పుడు మనం చదువుకున్న మాంసకృత్తులే. మాంసం ముట్టని యింట్లో ఆ మాటేమిటండీ అని మాస్టారిని అడిగి మొట్టికాయ తిన్నట్టు జ్ఞాపకం.

పక్క వాటా కుర్రవాడు రోజూ కసరత్తు చేసి కండలు పెంచుతూంటాడు. అతన్ని అడిగితే, "నూట ముప్ఫై పెట్టండి బాబాయిగారూ" అన్నాడు. పెట్టాను. పొద్దుటినుంచి రాత్రిదాకా తిన్నా అందులో సగమైనా నిండదు! అతగాడు డబ్బా పొడి పాలలో కలుపుకుని నింపుతాడట.

ఇది మనవల్ల కాదని పెద్దల లెక్క వెతికాను. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. 1918లో కూనూరులో చిన్న పరిశోధన శాఖగా పుట్టి, 1958లో మన దగ్గరకు తరలివచ్చింది. ఆ సంస్థవారు 2020లో చెప్పిన ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి బరువులో కిలోకి 0.83 గ్రాములు చాలు. పప్పూ పాలూ అంతంతమాత్రంగా, అన్నం మీదే ఆధారపడేవారు కిలోకి 1 గ్రాము వేసుకోవాలి. అరవై అయిదు దాటినవారికి కండ తరిగిపోకుండా 1 నుంచి 1.2 దాకా మంచిదని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం ఈ లెక్కలేవీ పట్టించుకోకుండా డాక్టరు చెప్పినంతే తినాలి. నాకు అరవై మూడు. బరువు 62 కిలోలు. అంటే 51 గ్రాములున్నర. 130 కొట్టేసి అది వ్రాశాను.

వ్రాసిన మొదటి వారంలోనే తప్పులో కాలేశాను. కందిపప్పు 100 గ్రాములకి సుమారు 22 గ్రాముల మాంసకృత్తులని పట్టికలో ఉంది. కంచంలో పప్పు తూచి అదే రేటు కట్టాను. ముద్దపప్పులో సగం పైన నీరేనని తోచలేదు! పట్టికలో ఉన్నది ఎండు పప్పు. నీళ్ళపాలకి చిక్కటి పాల ధర ఇచ్చినట్టయింది నా పని.

ఇలాకాదని నెలసరుకుల చీటీ తీశాను. ఉడికినదాన్ని తూచేకంటే కొన్నదాన్ని పంచడం సులువు. మేమిద్దరం. నెలకి కిలోన్నర కందిపప్పు. తలకి రోజుకి 25 గ్రాములు, అందులో అయిదున్నర గ్రాముల మాంసకృత్తులు. భేషుగ్గా ఉంది లెక్క!

ఆ రాత్రి భోజనాల దగ్గర ఊరికే గరిటెలు లెక్కపెట్టాను. గిన్నెలో అయిదు గరిటెల పప్పుంటే నాలుగు నా కంచంలో పడ్డాయి. అయిదోది, నేను లేచాక, మా ఆవిడకి. ఎన్నేళ్ళనుంచీ ఇలా? తలసరి లెక్కలు ఎంత అబద్ధమాడతాయో ఆఫీసులో పదిమందికి చెప్పినవాణ్ణి నేనే.

మర్నాడు నా పద్దు పక్కన ఆవిడ పద్దు తెరిచాను. ఇడ్లీరవ్వతో సహా నా బియ్యం 250 గ్రాములు, ఆవిడవి 200. అక్కడ నాకు 20, ఆవిడకి 16 గ్రాములు. పప్పులో నాకు దగ్గర దగ్గర 9, ఆవిడకి 2. ఇడ్లీల్లో మినప్పప్పు ఇద్దరికీ నాలుగున్నర. కాఫీ, పెరుగు కలిపి నాకు 14. కాఫీ, మజ్జిగతో సరిపెట్టుకునే ఆవిడకి 5. సాయంత్రం గుప్పెడు వేరుశనగలు నాకొక్కడికే, మూడున్నర. నా మొత్తం 51. ఆవిడది 28 కూడా నిండలేదు. 50 కిలోల మనిషికి కావలసింది 41న్నర.

పైగా అందులో సగం పైన అన్నంనుంచి వచ్చిందే. బియ్యంలో లైసిన్ అనే భాగం తక్కువ. పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో కొరవడిన మెథియొనీన్ బియ్యంలో ఉంది. పప్పన్నం కలిపితేనే రెండూ పూర్తిగా పనికొస్తాయి. పప్పు తగ్గితే తిన్న అన్నంలోది కూడా కొంత వృథా.

రెండేళ్ళుగా బకెట్టు ఎత్తలేకపోతున్నానని ఆవిడంటే, "వయసొచ్చింది" అనేవాణ్ణి. అదంతా దీనివల్లనే అనను. డాక్టరు రక్తపరీక్షకి కూడా వ్రాశారు. కాని నా కళ్ళెదుటి లోటు నాకు కనబడలేదు.

"నాకు చాలుతుందండీ, ఇప్పుడీ లెక్కలెందుకు?" అంది. గట్టిగానే వాదించవలసివచ్చింది. చివరికి నెలకి మరో 600 గ్రాముల కందిపప్పు, రోజూ ఒక గ్లాసు పెరుగు, ఆవిడకీ ఓ గుప్పెడు వేరుశనగలు. అంతే, 42 దాటింది. డబ్బా పొళ్ళు వద్దని పోషకాహార సంస్థవారే 2024లో చెప్పారు కనుక ఆ ఖర్చు తప్పింది. పప్పు ఇప్పుడు గిన్నెతో రాదు; వంటింట్లోనే రెండు కటోరాల్లో పోసి తెస్తుంది. ఇద్దరం ఒక్కసారే కూర్చుంటున్నాం.

పద్దు పుస్తకం ఆవిడ చేతికి పోయింది. నిన్న కళ్ళజోడు పెట్టుకుని, "సాయంత్రం వీధి చివర పకోడీలు తిన్నారట, ఇందులో లేవే?" అంది.

"సెనగపిండే కదా, మాంసకృత్తుల కింద జమ వెయ్యి" అన్నాను.

"వేస్తాను. నూనె ఏ పద్దు కింద వ్రాయమంటారు?"