తేయాకు నాట్లు: మొదలు వద్ద దాగి ఉండే నష్టం

తమిళనాడులోని వాల్పారై కొండలపై తేయాకు నాట్లకు అనువైన సమయాలు రెండు: మే-జూన్, సెప్టెంబరు-అక్టోబరు. పాత తోటను తిరిగి నాటే పక్షంలో, గుంతలు తీసే నాటికే ఆ నేల నుంచి రాబడి ఆగి రెండేళ్లు గడిచి ఉంటుంది. ముదురు పొదలను వేళ్లతో సహా పెకలించి, నేల తేరుకొనుటకు గ్వాటిమాలా గడ్డిని 18 నుంచి 24 నెలల పాటు పెంచవలసి ఉంటుంది. నాటిన తరువాత చెప్పుకోదగిన దిగుబడికి మరి కొన్నేళ్లు ఆగాలి. ఇంత వ్యయానికి, ఇంత నిరీక్షణకు ఆధారమైన నాటు పని మాత్రం ఒక్కో మొక్క వద్ద కొన్ని నిమిషాలలో ముగుస్తుంది. అందులో జరిగే పొరపాటు వెంటనే కనిపించకపోవడమే తేయాకు సాగులోని ప్రధాన చిక్కు. వరిలో నాటు తప్పితే పదిహేను రోజులలో తెలుస్తుంది. తేయాకులో అది తెలిసేసరికి ఏళ్లు గడుస్తాయి.

ఈ చిక్కుకు మూలం మొక్క పుట్టుకలోనే ఉంది. పూర్వపు తోటలు గింజ మొక్కలతో వేసినవి. వాటి తల్లివేరు నేలలోనికి లోతుగా దిగేది. అస్సాంలోని టోక్లాయ్ పరిశోధనా కేంద్రం 1949లో టి.వి.1 వంటి క్లోన్లను విడుదల చేసిన నాటి నుంచి శాఖీయ ప్రవర్ధనం క్రమంగా వ్యాపించింది. ఒక ఆకు, దాని కణుపు, కణుపు కింద కొద్దిపాటి కాడ కలిగిన ముక్కను పొడవైన సన్నని పాలిథీన్ గొట్టపు సంచిలో నాటి వేరు తెప్పిస్తారు. సంచిలో నింపే అడుగు మట్టి ఆమ్లత్వం కలిగి ఉండాలి. ఉదజని సూచిక ఎక్కువైతే ముక్క కింది కొనలో కాలస్ గడ్డలా పెరుగుతుందే గాని వేరు సరిగా రాదు. ఇట్లు తయారైన మొక్కలన్నీ దిగుబడిలోను, నాణ్యతలోను తల్లి పొదను పోలి ఉంటాయి. కాని వాటికి నిజమైన తల్లివేరు ఉండదు. ఉన్న పీచువేర్లే లోతుకు దిగవలసి ఉంటుంది. దిగునో లేదో చాలవరకు గుంతను బట్టి, నాటిన చేతిని బట్టి ఉంటుంది.

దక్షిణాదిన జంట వరుసల పద్ధతిలో 135 × 75 × 75 సెం.మీ. దూరంతో హెక్టారుకు సుమారు 13,000 మొక్కలు పడతాయి. వరుసలు వాలుకు అడ్డంగా, సమతల రేఖల వెంబడి సాగాలి. సంచి అడుగు భాగాన్ని ముందుగా కోసి, అక్కడ చుట్టుకుపోయిన వేళ్లను కత్తిరించి, మొక్కను గుంతలో నిలిపిన పిదప సంచిని పక్కగా చీల్చి పైకి లాగాలి. మట్టిగడ్డ చెదరరాదు. చుట్టూ మట్టిని కొద్దికొద్దిగా పోసి అదమాలి. మట్టి వదులుగా ఉంటే గాలి సందులు మిగిలి వేరు ఎండుతుంది. మొక్క సంచిలో ఎంత లోతున ఉన్నదో నేలలోను అంతే లోతున ఉండాలి. చెప్పుటకు ఇది చిన్న మాట. వాలు మీద, వాన తుంపరలో, వందల మొక్కలు నాటే మనిషికి అంత సులభమైన పని కాదు. లోతుగా దించిన మొక్క ఊగదు, నిటారుగా నిలుస్తుంది, చూపరులకు నాటు బాగున్నట్లే తోస్తుంది.

నష్టం అక్కడే మొదలవుతుంది. లేత తేయాకు మొక్కల కాండం మొదలును ఆశించే ఫోమాప్సిస్ థియే అనే శిలీంధ్రం వల్ల కలిగే మొదలు క్యాంకర్ దక్షిణ భారత తోటలలో ముఖ్యమైన తెగులు. లోతుగా నాటడం, మొదలు వద్ద గాయాలు, ఆచ్ఛాదన గడ్డిని కాండానికి ఆనించి పరచడం, బెట్ట వల్ల బెరడులో తేమ తగ్గడం ఈ తెగులుకు దారి తీస్తాయి. తెగులు సోకిన మొక్క ఆకులు పసుపుబారుతాయి, ఎదుగుదల ఆగిపోతుంది, విపరీతంగా పూత పూస్తుంది. కొత్తగా చూసేవారికి ఆ తెల్లని పూత ముచ్చటగానే ఉండవచ్చు. తోట నడిపేవారికి మాత్రం అది ప్రమాద సూచన. బెరడును గీరి చూస్తే మొదలు వద్ద పుండు బయటపడుతుంది. అప్పటికి నాటిన కూలీ వేరొక తోటలో ఉండవచ్చు, పర్యవేక్షకుడు మారి ఉండవచ్చు. కారణం మాత్రం బెట్టదేనని నమోదవుతుంది.

రోజుకు ఇన్ని మొక్కలని లెక్క కట్టే తోటలలో ఈ లోపాన్ని కూలీ మీదకు నెట్టడం న్యాయం కాదు. సంఖ్యకు కూలి చెల్లించి నాణ్యతను ఆశించడం యాజమాన్యపు పొరపాటు. నాటిన కొద్ది వారాలకు బతికిన మొక్కలను లెక్కించి నివేదిక పంపే అలవాటు కూడా ఇటువంటిదే. లోతుగా నాటిన మొక్క ఆ లెక్కలో బతికినదే. మొదటి వేసవి దాటాక, కుదిరితే రెండవ వేసవి దాటాక తీసే లెక్కకే విలువ ఇవ్వాలి.

మిగిలిన జాగ్రత్తలు తోటల వారికి బాగా తెలిసినవే. గడ్డిని వరుసల మధ్య దట్టంగా పరచి, మొదలు చుట్టూ కొంత ఖాళీ వదలాలి. సిల్వర్ ఓక్ నీడ చెట్లను ముందుగా దగ్గర దగ్గరగా నాటి, ఎదిగిన కొలది పలుచన చేస్తారు. నీలగిరుల పల్లపు భూములలో డిసెంబరు-జనవరి మంచుకు లేత మొక్కలు మాడకుండా ఫెర్న్ ఆకులు కప్పుతారు. అస్సాం మైదానాలలో సమస్య వేరు. అక్కడ వానాకాలంలో భూగర్భ నీటి మట్టం వేళ్లకు అందకుండా మురుగు కాలువలు తీయనిదే ఎంత చక్కగా నాటినా ఫలితం ఉండదు.

బెట్టను తట్టుకొనే యూపాసి-9 వంటి క్లోనును వేరుమూలంగా తీసుకొని, దానిపై నాణ్యమైన క్లోను కొమ్మను నర్సరీలోనే అంటుకట్టే పద్ధతి ఒకటి ఉంది. వేరు బలహీనతకు అది కొంతవరకు పరిహారమే గాని, లోతుగా నాటితే దాని మొదలు కూడా మునిగేదే.

తోటలకు శిక్షణకై వెళ్లే విద్యార్థులు ఒక పని చేయవచ్చు. యజమాని అనుమతితో, గత ఏడాది నాటిన భాగంలో వరుసకొక మొక్క చొప్పున పది మొక్కల మొదలు వద్ద మట్టిని వేళ్లతో తొలగించి, మొదటి వేరు నేల మట్టానికి ఎంత లోతున ఉన్నదో స్కేలుతో కొలిచి రాసుకోవాలి. మట్టిని తిరిగి అదే మట్టానికి సర్ది, ఆ పది మొక్కలకు గుర్తు కట్టి, మరుసటి ఏడాది వేసవి చివర వాటి వద్దకే మళ్లీ వెళ్లాలి.