వెనక్కొచ్చే పెట్రోలు ఎటు పోతుంది?

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజనుకు పంపు తోసే పెట్రోలులో చాలా భాగం కాలదు, వెనక్కి వచ్చేస్తుంది. ఇంజెక్టర్ల దగ్గర ఒత్తిడి తగ్గకూడదు కాబట్టి పంపు అవసరానికి మించి తోస్తూనే ఉంటుంది; మిగులును రెగ్యులేటరు రిటర్న్ లైనులోకి వదిలేస్తుంది. కారులో ట్యాంకు ఒక్కటే గనుక ఈ సంగతి ఎవరికీ పట్టదు. సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకు అలా కాదు. చాలా విమానాల్లో రెక్కకో ట్యాంకు ఉంటుంది.

పంపు గంటకు 120 లీటర్లు తోడుతోంది, ఇంజను 20 కాలుస్తోంది అనుకుందాం. సెలెక్టర్ వాల్వు కుడి ట్యాంకు మీద ఉంది, రిటర్న్ మాత్రం ఎడమ ట్యాంకులో పడుతోంది. మూడు గంటలు రావాల్సిన కుడివైపు 60 లీటర్లు అరగంటలో ఖాళీ! ఎడమది అప్పటికే నిండుగా ఉంటే, వచ్చిన 50 లీటర్లూ వెంట్ పైపులోంచి గాలిపాలు.

ఫ్యాక్టరీ విమానాలకూ ఈ తంటా తప్పలేదు. బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా పాత మోడళ్లు కొన్నింటిలో మిగులంతా ఎడమ ట్యాంకుకే చేరుతుంది. అందుకే పైలట్ ముందు ఎడమ ట్యాంకు వాడి అందులో కాస్త చోటు చేసుకున్నాకే కుడివైపుకు మారాలి. వాన్స్ ఆర్‌వీ-12 ఐఎస్‌లో ట్యాంకు ఒక్కటే, అదీ సీట్ల వెనకే, గొడవే లేదు.

రెండు ట్యాంకులున్నవాళ్లకు డ్యూప్లెక్స్ సెలెక్టరే మేలు. ఒక్క పిడి తిప్పితే సరఫరా, రిటర్న్ రెండూ కలిసే మారతాయి. ధర ఎక్కువే. విడివిడిగా రెండు వాల్వులు పెట్టుకుని చెక్‌లిస్టులో రాసుకుంటే చాలదా అంటారు కొందరు. నాకైతే నమ్మకం లేదు: రిటర్న్ వాల్వు పొరపాటున మూసి ఉంటే ఒత్తిడి పెరిగిపోయి, పెట్రోలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. రిటర్న్ పైపు మరీ సన్నగా ఉన్నా ఒత్తిడి పెరుగుతుంది.

వెనక్కొచ్చే పెట్రోలు ఇంజను వేడిని, బుడగలను వెంటబెట్టుకొస్తుంది. అందుకే దాన్ని ట్యాంకులో పీల్చే గొట్టానికి దూరంగా వదలాలి. లేకపోతే ఆ బుడగలే మళ్లీ పంపులోకి పోతాయి. పంపును ట్యాంకుకు దగ్గరగా, కింద పెట్టడానికీ కారణం ఇదే: పీల్చే వైపు ఒత్తిడి తగ్గితే వేడి పెట్రోలు పైపులోనే ఆవిరవుతుంది.

ట్యాంకు నుంచి ట్యాంకుకు నింపే ట్రాన్స్‌ఫర్ లైనుకూ లెక్క అదే. ట్రాన్స్‌ఫర్ పంపు ఇంజను వాడకం కంటే వేగంగా నింపుతుంది. నిండాక మిగిలేది వెంట్ దారి పట్టకుండా, మొదటి ట్యాంకుకే తిరిగి చేరేలా ఓవర్‌ఫ్లో పైపు ఉండాలి.